బర్కిట్ లింఫోమా: మూడు రకాల మధ్య ఉన్న గీతలు

బయాప్సీ రిపోర్టులో 'బర్కిట్ లింఫోమా' (రోగనిరోధక వ్యవస్థలోని బి-కణాలకు వచ్చే ఒక క్యాన్సర్) అన్న మాట, దాని పక్కనే 'స్పొరాడిక్' అన్న మరో మాట కనబడగానే కుటుంబసభ్యులు అడిగే మొదటి ప్రశ్న, ఈ రకం మంచిదా చెడ్డదా అని. చాలా క్యాన్సర్లలో రకాన్ని బట్టే జబ్బు తీరు మారుతుంది కనుక ఆ ప్రశ్న సహజమైనదే. బర్కిట్ విషయంలో మాత్రం ఆ లెక్క కుదరదు. వైద్యగ్రంథాలు చెప్పే మూడు క్లినికల్ రకాలు, అంటే ఎండెమిక్ (కొన్ని ప్రాంతాలను అంటిపెట్టుకున్నది), స్పొరాడిక్ (అక్కడక్కడా వచ్చేది), రోగనిరోధక లోపంతో ముడిపడినది అనేవి, జబ్బు తీవ్రతకు కొలతలు కావు. అది ఎవరికి, ఏ ప్రాంతంలో, ఏ దారిన వచ్చింది, శరీరంలో ముందుగా ఎక్కడ వెతకాలి అన్న విషయాలను అవి చెబుతాయి. తీవ్రత మాటకొస్తే మూడూ ఒక తల్లి పిల్లలే.

ముందు ఆ తల్లిని చూద్దాం. బర్కిట్ కణితి ముక్కను గాజుపలక మీద రంగువేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్న ముదురు నీలపు కణాలు ఖాళీ లేకుండా ఒకదానికొకటి ఒరుసుకుని కనిపిస్తాయి. ఆ చీకటి పరుపు మధ్య అక్కడక్కడా పాలిపోయిన పెద్ద కణాలుంటాయి. చచ్చిపడిన క్యాన్సర్ కణాల శకలాలను మింగే పారిశుధ్య కణాలవి. పాథాలజిస్టులు ఈ దృశ్యాన్ని 'నక్షత్రాల ఆకాశం' అంటారు. చూడముచ్చటైన పేరే గాని, దాని వెనకున్న సంగతి కలవరపెట్టేది: కణాలు ఎంత వేగంగా పుడుతున్నాయంటే, ఆ తొందరలో చచ్చేవి కూడా అంతే ఎక్కువగా ఉన్నాయి. విభజనలో ఉన్న కణాలను గుర్తించే కెఐ-67 పరీక్షలో ఇక్కడ దాదాపు నూటికి నూరు కణాలూ పలుకుతాయి. కణాల సంఖ్య ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. మనిషికి వచ్చే క్యాన్సర్లలో ఇంత వేగంగా పెరిగేవి అరుదు. సోమవారం నిమ్మకాయంత ఉన్న గడ్డ వారాంతానికి పిడికిలంత అయిందని తల్లిదండ్రులు చెబితే, అది ఆందోళనలో పెంచి చెప్పిన మాట అనుకోనక్కరలేదు.

ఈ వేగానికి మూలం ఒక జన్యువు ఉండవలసిన చోటు మారిపోవడం. యాంటీబాడీలను తయారుచేసే బి-కణాలు, కొత్త శత్రువుకు సరిపోయే యాంటీబాడీని రూపొందించుకునే క్రమంలో తమ డీఎన్ఏను తామే కత్తిరించుకుని తిరిగి అతికించుకుంటాయి. శరీరంలో ఇంకే కణమూ ఇంత ప్రమాదకరమైన పనిని రోజువారీ పనిగా చేయదు. ఆ కత్తిరింపులో ఒక్కోసారి పొరపాటు జరిగి, 8వ క్రోమోజోము మీద ఉండే 'మిక్' అనే జన్యువు వెళ్లి 14వ క్రోమోజోము మీది యాంటీబాడీ జన్యువు పక్కన అతుక్కుంటుంది. మిక్ కణవిభజనకు ఆజ్ఞ ఇచ్చే జన్యువు, మామూలుగా అవసరమైనప్పుడే పనిచేస్తుంది. యాంటీబాడీ జన్యువు బి-కణంలో ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది. వంతులవారీగా కరెంటు వచ్చే పొలం మోటారును ఇరవైనాలుగు గంటలూ నడిచే ఫ్యాక్టరీ లైనుకు తగిలిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. సుమారు 80 శాతం కేసుల్లో ఈ మార్పిడి 8, 14 క్రోమోజోముల మధ్య జరుగుతుంది; మిగిలినవాటిలో 14కు బదులు 2వ లేదా 22వ క్రోమోజోము ఉంటుంది, అక్కడ ఉండేవీ యాంటీబాడీ జన్యువులే. మూడు క్లినికల్ రకాలకూ పునాది ఇదే. తేడా అంతా ఆ పొరపాటుకు దారితీసిన పరిస్థితుల్లో ఉంది.

ఆ పరిస్థితుల కథ ఉగాండాలో మొదలవుతుంది. 1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో శస్త్రవైద్యుడిగా పనిచేస్తున్న డెనిస్ బర్కిట్‌ను, హ్యూ ట్రోవెల్ అనే సహవైద్యుడు ఒక ఐదేళ్ల బాలుణ్ణి చూడమని పిలిచాడు. ఆ పిల్లవాడికి పై దవడ, కింది దవడ, కుడి, ఎడమ అన్న తేడా లేకుండా నాలుగు మూలలా వాపులున్నాయి. దవడకు చీము పట్టడం, ఒకవైపు గడ్డ రావడం వైద్యులు చూసినవే. నాలుగు మూలలా ఒకేసారి రావడం ఏ లెక్కకూ అందలేదు. కొన్ని వారాల తరువాత నైలు నది విక్టోరియా సరస్సును వీడే చోట ఉన్న జింజా పట్టణానికి వెళ్లినప్పుడు, ఆసుపత్రి కిటికీలోంచి బయటకు చూసిన బర్కిట్‌కు తల్లి పక్కన కూర్చున్న మరో బిడ్డ కనిపించింది. అవే వాపులు. పరీక్షిస్తే కడుపులోనూ గడ్డలున్నాయి. ఒక్క కేసు వింత కావచ్చు; రెండోది కనిపించాక పాత రికార్డులు తిరగేయడం మొదలుపెట్టాడు. దవడల్లోనూ, మూత్రపిండాల్లోనూ, అండాశయాల్లోనూ వేరువేరు పేర్లతో నమోదైన పిల్లల కణితులన్నీ ఒకే జబ్బని ఆయనకు తోచింది. 1958లో దానిని సార్కోమాగా, అంటే ఎముక, కండరం వంటి కణజాలాల్లో పుట్టే క్యాన్సరుగా భావించి వ్యాసం రాశాడు. అది లింఫోమా అని ఆ తరువాత పాథాలజిస్టులు తేల్చారు.

బర్కిట్‌కు చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. అయినా ఆ ఒంటికన్నుతోనే ఆయన మిగతావారు చూడని ఒక విషయాన్ని చూశాడు: ఈ జబ్బుకు పటం ఉంది. ఆఫ్రికా అంతటా ఉన్న ఆసుపత్రులకు ఫొటోలతో కూడిన కరపత్రాలు పంపి, ఇలాంటి పిల్లలు మీ దగ్గరకు వస్తున్నారా అని అడిగాడు. 1961 అక్టోబరులో ఇద్దరు సహచరులతో ఒక పాత స్టేషన్ వ్యాగనులో బయలుదేరి, పది వారాల్లో సుమారు 16,000 కిలోమీటర్లు తిరిగి దక్షిణాఫ్రికా దాకా వెళ్లాడు. తేలిందేమిటంటే, జబ్బు భూమధ్యరేఖకు ఉత్తర దక్షిణాలుగా సుమారు పదేసి డిగ్రీల పట్టీలో ఉంది, తూర్పు తీరం వెంబడి ఒక తోకలా ఇంకా దక్షిణానికి దిగింది. ఆ పట్టీలో కూడా ఎత్తైన ప్రాంతాల్లో లేదు. భూమధ్యరేఖ దగ్గర 1,500 మీటర్ల వరకూ కనిపించిన జబ్బు దక్షిణానికి పోయేకొద్దీ మరింత తక్కువ ఎత్తుకే ఆగిపోయింది. అడ్డుకుంటున్నది ఎత్తు కాదనీ, చలి అనీ గమనించినవాడు ఎంటెబ్బెలోని వైరస్ పరిశోధన సంస్థకు చెందిన అలెగ్జాండర్ హాడో. ఉష్ణోగ్రత సుమారు 16 డిగ్రీల సెల్సియస్‌కు దిగని, ఏటా 50 సెంటీమీటర్లకు పైగా వాన పడే చోటే ఈ జబ్బుంది. వేడీ తడీ రెండూ కావలసింది దేనికని అడిగితే మలేరియా ప్రాంతాల్లో పుట్టి పెరిగిన ఎవరైనా చెప్పగలరు: దోమకు.

అయితే దోమ నేరుగా క్యాన్సరును మోసుకు రావడం లేదు. బర్కిట్ 1961 మార్చిలో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టైన్ దీని వెనక వైరస్ ఉండవచ్చని భావించి, కంపాలా నుంచి కణితి ముక్కలు విమానంలో తెప్పించుకునేవాడు. రెండేళ్లకు పైగా ఏమీ దొరకలేదు. 1963 డిసెంబరులో ఒక నమూనా, పొగమంచు వల్ల విమానం మాంచెస్టరుకు మళ్లడంతో ఆలస్యంగా చేరింది. సీసాలోని ద్రవం మబ్బుగా ఉంది. బ్యాక్టీరియా చేరి చెడిపోయిందని పారేయవలసిందే. పారేసే ముందు ఒక చుక్క తీసి చూస్తే, ఆ మబ్బుదనం బ్యాక్టీరియాది కాదు, ముక్క నుంచి ఊడి విడివిడిగా తేలుతున్న బతికున్న లింఫోమా కణాలది. ఆ సూచనతో కణాలను ద్రవంలో పెంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడగా హెర్పిస్ కుటుంబానికి చెందిన ఒక కొత్త వైరస్ కనిపించింది. ఎప్‌స్టైన్, బెర్ట్ అచోంగ్, ఇవోన్ బార్ 1964లో ప్రకటించిన ఆ వైరసే ఎప్‌స్టైన్-బార్ వైరస్, క్లుప్తంగా ఈబీవీ. మనిషిలో క్యాన్సరుకు కారణమయ్యే వైరసుల్లో మొదట దొరికినది ఇదే.

ఇక్కడ చిక్కు ఏమిటంటే, ప్రపంచంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ సోకే ఉంటుంది. ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామందికి ఉంది. వైరస్ ఒక్కటే చాలేటట్లయితే ప్రపంచమంతా బర్కిట్ రోగులే ఉండాలి. ఎండెమిక్ రకానికి రెండూ కలవాలి: భూమధ్యరేఖ ప్రాంతపు ఆఫ్రికాలో పిల్లలకు పసితనంలోనే ఈబీవీ సోకుతుంది, ఆపైన మలేరియాల్లో తీవ్రమైన ఫాల్సిపేరం రకం ఏడాది పొడవునా మళ్లీమళ్లీ వస్తుంది. మలేరియా క్రిమి బి-కణాలను విరామం లేకుండా రెచ్చగొడుతుంది, వైరసును అదుపులో ఉంచే టి-కణాలను నీరసింపజేస్తుంది, డీఎన్ఏను కత్తిరించే 'ఎయిడ్' అనే ఎంజైమును ఎక్కువసేపు పనిలో ఉంచుతుంది. వైరస్ మటుకు, పొరపాటు జరిగిన కణం ఆత్మహత్య చేసుకోకుండా అడ్డుపడుతుంది. కత్తెర ఎంత ఎక్కువసార్లు ఆడితే అంత పొరపాటు. పొరపాటు పడిన కణం చావకపోతే క్యాన్సరు. ఆ ప్రాంతంలో పెరిగే జెముడు జాతి మొక్క ఒకదాని పాలు కూడా వైరసును మేల్కొలుపుతాయన్న అనుమానం ఉంది గాని, మలేరియాకున్నంత బలమైన సాక్ష్యం దానికి లేదు.

మలేరియా అనగానే మనకు పాడేరు, అరకు ఏజెన్సీ గుర్తుకు రావడం సహజం. ఉగాండా తరహా మలేరియా ఒత్తిడి వేరు: అక్కడ బిడ్డ పుట్టిన మొదటి ఏడాది నుంచే ఒక జ్వరం తగ్గేలోగా మరొకటి వస్తుంది. మన దేశంలో మలేరియా ఉన్నా దవడ వాపుల బర్కిట్ పట్టీ ఏర్పడలేదు. ఆఫ్రికా బయట ఎండెమిక్ రకం స్థిరపడిన ముఖ్యమైన చోటు పపువా న్యూగినీ.

ఎండెమిక్ రకం బిడ్డ నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య ఉంటుంది, ఆడపిల్లలకంటే రెట్టింపు మంది మగపిల్లలకు వస్తుంది. తల్లి మొదట గమనించేది వాపు కూడా కాదు, ఊడే వయసు రాకముందే దంతాలు కదలడం. దవడ ఎముకలో దంతాల మొగ్గలు పెరుగుతున్న చోటే కణితి మొలుస్తుంది గనుక పళ్లు పునాది లేని గోడలా వదులవుతాయి. పై దవడ కణితి కంటిగూటిలోకి పాకితే కన్ను ముందుకు తోసుకొస్తుంది. పిల్లవాడు ఎంత చిన్నవాడైతే దవడ జబ్బు అవకాశం అంత ఎక్కువ, టీనేజీకి వచ్చేసరికి అది బాగా తగ్గుతుంది. కడుపు, మూత్రపిండాలు, అండాశయాలు కూడా తరచూ దెబ్బతింటాయి, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు పడిపోయిన స్థితిలో వచ్చే పిల్లలూ ఉంటారు. ఈ కణితుల్లో 95 శాతానికి పైగా ఈబీవీ దొరుకుతుంది. అలాగని ఆ ప్రాంతంలో ఇంటింటా ఉండే జబ్బు కాదిది: లక్ష మంది పిల్లల్లో ఏటా పదిమందికి లోపే వస్తుంది.

రెండోదైన స్పొరాడిక్ రకం ఐరోపా, అమెరికాల్లోనూ, మన దేశంలోనూ ప్రధానంగా కనిపించేది. స్పొరాడిక్ అంటే ఏ ప్రాంతానికీ కట్టుబడకుండా అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చేది అని మాత్రమే. తేలికైనది అని కాదు. పశ్చిమ దేశాల్లో పెద్దల లింఫోమాల్లో ఇది ఒకటి రెండు శాతమే గాని, పిల్లల నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాల్లో (లింఫోమాల్లో పెద్ద వర్గమిది) మూడో వంతుకు పైగా ఇదే. దీనికి ఇష్టమైన చోటు కడుపు, అందులోనూ చిన్నపేగు వెళ్లి పెద్దపేగులో కలిసే కుడివైపు దిగువ భాగం. అక్కడి పేగు గోడలో లింఫ్ కణజాలం దట్టంగా ఉంటుంది. నొప్పి అదే చోట వస్తుంది కనుక అపెండిసైటిస్ అనుకుని కడుపు కోసిన తరువాత లింఫోమా బయటపడిన సందర్భాలు కొత్తవి కావు. కణితి తలలా ముందుండి లాగడం వల్ల పేగులో పేగు దూరే పరిస్థితి కూడా వస్తుంది. పసిపిల్లల్లో పేగులో పేగు దూరడానికి సాధారణంగా ఏ కణితీ కారణం కాదు. ఐదేళ్లు దాటిన పిల్లవాడికి అదే జరిగితే మాత్రం దాని మొదట్లో ఏదో ఉందని, అది లింఫోమా కావచ్చని సర్జన్ అనుమానించి తీరాలి. పేగు ముక్కతో పాటు కణితి పూర్తిగా తొలగితే ఆ బిడ్డ తక్కువ దశలో పడి, తక్కువ కీమోథెరపీతో బయటపడతాడు. కడుపంతా పాకిన జబ్బును కోసి తీయాలని ప్రయత్నించడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు, అసలు మందు మొదలుపెట్టే రోజు వెనక్కి పోతుంది.

స్పొరాడిక్ రకంలో దవడ జబ్బు తక్కువ. అరుదుగా, పాలిచ్చే తల్లుల్లో రెండు రొమ్ములూ ఒకేసారి గట్టిపడి వాచే రూపంలో కూడా ఇది వస్తుంది. ఈ రకంలో ఈబీవీ దొరికేది పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా మాత్రమే. మిక్ జన్యువు తెగి అతుక్కునే చోటు కూడా ఎండెమిక్ రకంలో జన్యువుకు దూరంగా ఉంటే, ఇక్కడ దగ్గరగా లేదా లోపలే ఉంటుంది. అంటే పొరపాటు జరిగిన క్షణం కూడా వేరన్నమాట. వైరస్ లేని ఈ కణితుల్లో దాని బదులు ఐడీ3, టీసీఎఫ్3 అనే జన్యువుల మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి.

మూడో రకం ఎలా బయటపడిందో చెప్పాలంటే మళ్లీ కంపాలాకే వెళ్లాలి. 1967లో ఏర్పడిన ఉగాండా క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి సారథి జాన్ జీగ్లర్ అనే అమెరికన్ వైద్యుడు. బర్కిట్ పిల్లలకు మందులివ్వడంలో ఏళ్లు గడిపి, ఈదీ అమీన్ పాలన మొదలయ్యాక 1972లో ఆయన దేశం వదిలాడు. పదేళ్ల తరువాత, 1982లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వలింగ సంపర్కులైన నలుగురు పురుషుల్లో బర్కిట్‌ను పోలిన లింఫోమాను గురించి రాసినవారిలో ఆయన ముఖ్యుడు. ఎయిడ్స్‌కు కారణమైన వైరస్ అప్పటికి దొరకనే లేదు. ఉగాండా పిల్లల్లో చూసిన కణాలను కాలిఫోర్నియాలో పెద్దవాళ్ల గ్రంథుల్లో గుర్తుపట్టగలిగిన కన్ను ఆ సమయంలో ఆ ఊళ్లో ఉండడం యాదృచ్ఛికమే, కాని వైద్యచరిత్రలో అలాంటి యాదృచ్ఛికాలకు పెద్ద పీటే ఉంది.

హెచ్‌ఐవీతో ముడిపడిన ఈ మూడో రకంలో మెడ, చంకల్లో బిళ్లలు కట్టడం, ఎముక మజ్జకూ మెదడు పొరలకూ జబ్బు చేరడం ఎక్కువ. ఈబీవీ కనబడేది నూటికి పాతిక నుంచి నలభై మందిలోనే. దీనిలో ఆశ్చర్యపరిచే అంశం ఒకటుంది. రోగనిరోధక శక్తి పూర్తిగా చితికిపోయాకే ఇలాంటివి వస్తాయని అనుకుంటాం. ఎయిడ్స్‌లో వచ్చే కొన్ని ఇతర లింఫోమాల విషయంలో అది నిజం కూడా. బర్కిట్ మాత్రం, హెచ్‌ఐవీ దెబ్బతీసే సీడీ4 అనే రక్షణ కణాలు మైక్రోలీటరు రక్తంలో 200కు పైన ఉన్నవారిలోనే తరచూ వస్తుంది. అందుకే హెచ్‌ఐవీ మందులు అందుబాటులోకి వచ్చాక ఆ ఇతర లింఫోమాలు తగ్గినంతగా బర్కిట్ తగ్గలేదు. బి-కణాలను హెచ్‌ఐవీ విడవకుండా రెచ్చగొట్టడమే దీనికి కారణమన్నది బలమైన వివరణ. మలేరియా ఆఫ్రికా పిల్లల్లో చేస్తున్న పనిని ఇక్కడ ఇంకో క్రిమి చేస్తోంది. అవయవ మార్పిడి తరువాత రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారిలో, చాలావరకు కొన్నేళ్లకు, ఇదే రకం కనిపించవచ్చు.

ఈ మూడు పేర్లూ ఎంత నిలకడైనవి? ఒకటి భూగోళం మీద ఆధారపడింది, ఒకటి 'మిగిలినవన్నీ' అనే గంప, ఒకటి రోగి స్థితిని బట్టి పెట్టింది. కంపాలాలో హెచ్‌ఐవీ ఉన్న పిల్లవాడికి దవడ కణితి వస్తే ఏ పేరు పెట్టాలి? హైదరాబాదులో స్పొరాడిక్ అని రాసిన కణితిలో ఈబీవీ దొరికితే అది జన్యుపరంగా ఎండెమిక్ దానికే దగ్గరగా ఉండవచ్చు. ఈ ఇబ్బంది వల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ 2022 నాటి ఐదో కూర్పులో, ఈబీవీ ఉన్నదా లేనిదా అన్న విభజనే జీవశాస్త్రపరంగా అర్థవంతమైనదని చెప్పింది. నా అభిప్రాయంలో పాత పేర్లను పారేయనక్కరలేదు. ఏ బిడ్డకు దవడ చూడాలో, ఎవరికి పేగు చూడాలో, ఎవరికి హెచ్‌ఐవీ పరీక్ష మరవకూడదో చెప్పడానికి మంచం పక్కన అవే పనికొస్తాయి. ప్రయోగశాలలో మాత్రం గీత ఇంకోచోట ఉంది.

పేర్ల గందరగోళం ఇంకొకటుంది. ఎముక మజ్జలో నూటికి పాతికకు పైగా ఇవే కణాలు నిండితే దానిని బర్కిట్ లుకేమియా (రక్త క్యాన్సర్) అంటారు. పాత వర్గీకరణలో అది 'ఎల్3'గా లుకేమియాల జాబితాలో ఉండేది. అది వేరే జబ్బు కాదు, ఇదే జబ్బు మజ్జకు చేరిన దశ. మామూలు లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు ఇచ్చే దీర్ఘకాలపు చికిత్స దీనికి పనిచేయదు కనుక ఈ తేడా తెలియడం ముఖ్యం.

చికిత్సకు వస్తే, క్లినికల్ రకం కంటే జబ్బు ఎంతవరకు పాకింది, కణాలు పగిలినప్పుడు రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ఎంత పెరిగింది, మెదడు ద్రవంలో కణాలున్నాయా అన్నవే మందుల తీవ్రతను నిర్ణయిస్తాయి. ఇంత వేగంగా విభజించుకునే కణం మందుకు కూడా అంత వేగంగా లొంగుతుంది; 1960ల్లో కొన్ని మోతాదుల సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందుతోనే దవడ వాపులు మంచులా కరగడం బర్కిట్ చూశాడు. ప్రమాదం కూడా ఆ కరగడంలోనే ఉంది. కోట్ల కణాలు ఒక్కసారిగా పగిలి పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం రక్తంలోకి కుమ్మరిస్తే మూత్రపిండాలు మూసుకుపోతాయి, గుండె లయ తప్పుతుంది. అందువల్ల మొదటి వారం ముందుగా తేలికపాటి మందులు, ధారాళంగా సెలైన్, కొన్ని గంటలకోసారి రక్తపరీక్షలు తప్పవు. ఆ తరువాత తక్కువ విరామాలతో తీవ్రమైన మందులు, వెన్నులోకి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు, కొన్ని నెలల్లో ముగింపు. ఎక్కువ ముదిరిన జబ్బున్న పిల్లల మీద జరిగి 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, కీమోథెరపీకి, బి-కణాలను గురిచూసి కొట్టే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు చేర్చినప్పుడు మూడేళ్ల పాటు జబ్బు తిరగబడకుండా ఉన్నవారు 82.3 శాతం నుంచి 93.9 శాతానికి పెరిగారు. అదే ఏడాది వెలువడిన 113 మంది పెద్దవారి అధ్యయనంలో సుమారు నాలుగో వంతు మంది హెచ్‌ఐవీ ఉన్నవారే అయినా, ఫలితం హెచ్‌ఐవీని బట్టి మారలేదు. మెదడు పొరలకు జబ్బు చేరినవారిలో మాత్రం తగ్గింది. ఆఫ్రికాలో ఎండెమిక్ రకం పిల్లల్లో బతికి బయటపడేది చాలాచోట్ల సగం మందికి లోపే, దానికి కారణం ఎండెమిక్ కణం మొండిది కావడం కాదు. ఆలస్యంగా రావడం, తీవ్రమైన మందులిస్తే పడిపోయే రక్తకణాలను ఆదుకునే రక్తనిధి, ల్యాబు, పడకలు లేకపోవడం కారణాలు.

కాబట్టి రిపోర్టు చేతికొచ్చిన కుటుంబం 'ఏ రకం' అని అడగడానికి బదులు, మజ్జ, వెన్నుద్రవం పరీక్షలు అయ్యాయా, మిక్ మార్పిడి నిర్ధారణ అయిందా, ఈబీవీ పరీక్ష చేశారా అని అడిగితే ఎక్కువ పనికొస్తుంది. వాపు తగ్గడానికని బయాప్సీకి ముందే స్టెరాయిడ్ ఇస్తే కణితి కరిగి రోగనిర్ధారణే చెదిరిపోవచ్చు. బర్కిట్ అని తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయాలి. రిటుక్సిమాబ్ నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బిని లేపగలదు కనుక దాని పరీక్షా ముందే కావాలి. యూరిక్ ఆమ్లాన్ని దించే రాస్‌బ్యూరికేజ్, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డలో ఆ కణాలను పగలగొడుతుంది గనుక, ఆ సూది వేసే ముందు జీ6పీడీ ఫలితం చూసుకోవాలి.